తువ్వాల కింది మాట

ఇంకో రెండు కట్టెలెయ్యుండ్రి, మంట సల్లవడుతున్నది. క్రిస్మస్ దగ్గరికొచ్చింది గద, మన మెదక్‌ల గీ దినాలల్ల సలి ఎముకలల్లకు దిగుతది. బిడ్డా, నువ్విటు జరిగి కూసో, పొగ అటు మర్లింది. ఇగ జెప్పు. పట్నంల మీ కంపిని పెద్దసారుతోని జీతం ముచ్చట మాట్లాడాలె, నాకేమో మాటలు రావాయె తాతా అంటివి. మాటలు రాకపోతె ఏమాయె? అసలు నోరే ఇప్పకుంట జేసే బేరం నేను సూసిన. ముందుగాల అది జెప్త, ఇనుండ్రి.

మా నాయిన ఎడ్లు కొననీకి పసుల అంగడికి పోయినప్పుడల్ల నన్ను ఎంట తోలుకపోతుండె. అప్పటికి నిజాం కాలపు హాలీ సిక్క ఇంక పూర్తిగ పోలే. ఇండియా సర్కారు కల్దార్ రూపాయి సుత నడుస్తుండె. ఏడు హాలీ రూపాయలు ఇంచుమించు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. అందుకే బేరానికి కూసునే ముందు మా నాయిన అడిగే మొదటి మాట ఒక్కటే: "హాలీనా, కల్దారా?" ఆ ముచ్చట తేలకుంట ధర మాట్లాడితె ఇద్దరు ఒప్పుకున్నంక గూడ లొల్లి ఐతుండె. ఇది యాదివెట్టుకో బిడ్డా, నీ పని కాడ మల్ల అక్కెరకొస్తది.

ఎద్దును సూసుడంటే మామూలు సూసుడు గాదు. పండ్లు సూస్తరు, గిట్టలు సూస్తరు, మూపురం మీద చెయ్యేసి నిమురుతరు, నాలుగడుగులు నడిపిస్తరు. అప్పటిదాంక ఎంతైనా ఒర్రుతరు. అమ్మేటాయన ఎద్దును పొగుడుతడు, కొనేటాయన వంకలు జెప్తడు, నడుమ దలాలు ఇద్దరికి సర్దిజెప్తడు. ధర కాడికి వచ్చేసరికి అందరి నోర్లు బందైతయి. భుజం మీది తువ్వాల దీసి చేతుల మీద కప్పుకుంటరు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటరు. ఒక్క వేలు వడితె ఒకటి, రెండు వడితె రెండు, పంజా మొత్తం వడితె ఐదు. అవి పదులా నూర్లా అనేది ఎద్దును జూసినోళ్లకు ఎరుకే. ఇష్టం లేకపోతె చెయ్యి గుంజుకుంటరు, కుదిరితె గట్టిగ ఒత్తుతరు. సుట్టు ఎంతమంది నిలవడ్డా ఎవ్వలికి ఏమి తెల్వది. మొకాలల్ల సుత ఏమి కానరాదు.

"నోటితోని జెప్తె ఏమైతది నాయినా?" అని అడిగిన. ఎడ్లు తోలుకొని ఇంటికి నడుస్తున్నం. మా నాయిన అన్నడు: "నోటితోని మూడు నూర్లు అన్నడనుకో, అందరిన్నరు. ఇగ రెండున్నరకు ఎట్ల దిగుతడు? దిగితె పక్కోడు నవ్వుతడు. రేపు ఇంకో ఎద్దును దెస్తె రెండున్నర నుంచే అడుగుతరు. మనసుల దిగుదామని ఉన్నా మంది ముంగట దిగలేడు. తువ్వాల కింద ఎంత దిగినా వాని ఇజ్జత్ వానికే ఉంటది."

అప్పుడు నాకు సగమే సమజైంది. వయసు మీదికొస్తున్న కొద్ది ఎన్ని పంచాయితులు సూసిన్నో, అన్నిట్ల అదే కనవడ్డది. మనిషి తగ్గుడుకు ఇష్టం లేక తగ్గకుంట ఉండడు. తగ్గినట్టు నలుగురు సూస్తరని తగ్గకుంట ఉంటడు. వాన్ని నలుగుర్ల పట్టుకొని "ఏమంటవ్, ఇస్తవా ఇయ్యవా" అని అడిగితె, ఇచ్చేది సుత ఇయ్యడు. అన్నదమ్ముల పంపకాలు ఎన్నో గిట్లనే చెడిపోయినయి. గట్టు మీద ఇద్దరే కూసుంటె తెగే ముచ్చటను కచ్చీరు కాడికి గుంజుకొచ్చి ముప్పై యాండ్లు కోర్టుల చుట్టు తిరిగిన్రు.

మరి ఇచ్చుడు సంగతి వేరు. ఇచ్చేటోనికి నలుగురుండాలె. 1951ల వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం అయినంక తెలంగాణల కాలినడకన తిరుగుతుండె. సాయుధ పోరాటం ఇంక సల్లారని దినాలు. ఏప్రిల్ 18 నాడు అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లికి వచ్చిండు. దళితవాడల కూసోని, మీకేం కావాలె అని అడిగిండు. భూమి కావాలె అన్నరు. అంతటితోని ఆయన లేస్తె ఏమయ్యేదో గని, ఆయన ఇంకో మాట అడిగిండు: ఎంత? వాళ్లు లెక్క వేసుకొని, నీళ్లు పారే తరి నలబై ఎకరాలు, వాన మీది కుష్కి నలబై ఎకరాలు, మొత్తం ఎనబై ఎకరాలు అన్నరు. ఆయన ఎవ్వల దిక్కు వేలు సూపలే. నీకింత భూమి ఉన్నది గద అని ఎవ్వల్ని నిలదియ్యలే. అక్కడ కూసున్నోళ్లల్ల ఎవ్వలన్న ఇయ్యగలరా అని అడిగిండు, అంతే. వెదిరె రామచంద్రారెడ్డి లేసి నిలవడి నూరెకరాలు ఇస్త అన్నడు. అడిగింది ఎనబై, వచ్చింది నూరు. భూదానం అక్కడ్నే మొదలైంది.

తగ్గేది చాటుకు తగ్గనియ్యాలె, ఇచ్చేది మందిల ఇయ్యనియ్యాలె. నేను బతుకంత పట్టుకున్న మాట గిదొక్కటే.

మన చర్చిని సూడుండ్రి, రోజు దాని నీడల్నే తిరుగుతరు. 1914ల పని మొదలువెడితె 1924 డిసెంబర్ 25 నాడు ప్రార్థన మొదలైంది, గోపురం ఎత్తు నూట డెబ్బై ఐదు అడుగులు. కరువు దినాలల్ల ఆ చర్చి కట్టిచ్చిన పాస్నెట్ దొర ఊరికె తిండి వెట్టలే, కట్టడం పని జెప్పి కూలి కింద తిండి వెట్టిండు. మా తాతల తరమోళ్లు ఆ ముచ్చట జెప్పేటప్పుడు దొర మాకు పెట్టిండు అని అనకపోతుండె. "మేము కట్టినం" అంటుండె. ఆకలితోని ఉన్నోడు గూడ ఎదురు ఇచ్చేది ఏదన్న ఉంటెనే తల ఎత్తుకొని పుచ్చుకుంటడు. నువ్వు ఎవ్వలికి సాయం జేసినా, ఎవ్వల్ని సాయం అడిగినా, అవుతలోడు తల దించుకోకుంట ఉండే తొవ్వ ఒకటి ఇడిసిపెట్టు.

ఇగ నీళ్ల పంచాయితి. మెదక్ మనిషికి నీళ్ల పంచాయితి జెప్పకుంట పాత ముచ్చట ఒడువది.

మా అమ్మమ్మోళ్ల ఊర్ల చెరువు కింద ఒక నీరటి ఉంటుండె. తూము తీసుడు, మూసుడు, మడి మడికి నీళ్లు పారిచ్చుడు ఆయన పని. రైతులందరు పంటల నుంచి ఇంత గింజ కొలిచిస్తరు. చెరువు సగమే నిండిన యాడాది ఊరంత కూసోని తైబందీ జేస్తుండె. ఉన్న నీళ్లకు ఎన్ని ఎకరాలు పారుతదో లెక్కగట్టి, ఎవ్వలు ఎంత నాటెయ్యాలెనో ముందే ఖరారు జేసుడు. పది ఎకరాలున్నోడు అయిదే ఎయ్యాలె, రెండున్నోడు ఒకటే ఎయ్యాలె. అందరు తగ్గుతున్నరు కాబట్టి ఏ ఒక్కడు తగ్గినట్టు గాదు. తైబందీల ఉన్న తెలివి అదే.

గట్ల ఒక యాడాది తూము కాడి రైతుకు, చివరి మడి రైతుకు పడలే. రాత్రి పూట కాలువకు గండి కొట్టిండని ఒకడు, నా మడి ఎండుతుంటె సూస్త కూసోవాల్నా అని ఇంకొకడు, గడ్డపారలు తీసుకునేదాంక వచ్చిండ్రు. ఊరు పెద్దలు వంతు జెప్పిన్రు: నీకు మూడు దినాలు, నీకు మూడు దినాలు. ఇద్దరు వద్దన్నరు. నీరటి ఏమి మాట్లాడకుంట తెల్లారి ఇద్దరి మడులు నడిసి సూసిండు. సూసొచ్చి తూము కాడి రైతును వేరుగ అడిగిండు: "నీకు నీళ్లు ఎప్పుడు కావాలె?" ఎంత కావాలె అని అప్పటిదాంక ఊరంత అడిగిన్రు. ఎప్పుడు అని ఎవ్వలు అడగలే. ఆయనకు నారుమడి ఉన్నది, రాత్రి పూట నాలుగు దినాలు తడి ఉంటె చాలు. తర్వాత చివరి రైతును వేరుగ అడిగిండు. ఆయన ఇంక దుక్కే దున్నలే. వారం అయినంక ఒక్కతాపే నిండ నీళ్లు వస్తె నాటేసుకుంటడు. మరి ఇద్దరికి కొట్లాట ఎక్కడున్నది? లేకుండె. ఆ వారం గండి కొట్టే అవసరం గూడ రాలే.

మన పెద్దోడు ఆఫీసు ట్రైనింగుల ఇన్న ముచ్చట ఒకటి మొన్న నాకు జెప్పిండు. అమెరికాల మేరీ పార్కర్ ఫాలెట్ అని ఒకామె ఉండె. నూరేండ్ల కింద, 1925 నాటి ముచ్చట. లైబ్రరీల చిన్న గదిల కూసోని చదువుకుంటున్నదట. ఇంకొకాయన కిటికి తెరువాలన్నడు, ఈమె వద్దన్నది. అడిగి సూస్తె ఆయనకు గాలి కావాలె, ఈమెకేమో ఉత్తరపు గాలి మొకానికి నేరుగ తగులొద్దు. పక్క గదిల ఎవ్వలు లేరు, ఆ గది కిటికి తెరిచిన్రు. ఇద్దరు ఉషారు. ఇన్నంక నాకు మా నీరటే కండ్ల ముంగట మెదిలిండు. ఆయనకు అచ్చరం రాదు, ఆమె పెద్ద పెద్ద పుస్తకాలు రాసినామె. ఇద్దరు ఎతికింది ఒక్కటే: ఏం కావాలె, ఎంత కావాలె అని గాదు, దాని ఎనక ఉన్న అక్కెర ఏంది అని.

చెరువుదాయె, మంజీరది ఇంక పెద్ద పంచాయితి. మన ఘనపురం ఆనకట్ట 1905ల కట్టిన్రు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంల. మహబూబ్‌నహర్, ఫతేనహర్ అని రెండు కాలువలు. పైన సింగూరు డ్యాం అయినంక సంగతి మారింది. అక్కడ్నుంచి నీళ్లు ఇడిస్తెనే మనకు పారుతయి. పట్నపోళ్ల తాగునీళ్లు గూడ అండ్లనే, కింద నిజాంసాగర్ ఉండనే ఉన్నది. వానలు తక్కువైన యాడాది రైతులు అర్జి పట్టుకొని తిరుగుడే.

నేను సుత తిరిగిన. ఒకసారి యాభై మందిమి పోయి, నీళ్ల ఆఫీసు సారు గది నిండ నిలవడి "మా నీళ్లు మాకియ్యాలె" అని అర్సినం. ఆయన "సూస్తం" అన్నడు. ఇంకేమంటడు? మమ్ముల జూసి భయపడ్డట్టు కనవడొద్దు, పైవాళ్లను అడగకుంట మాటియ్యొద్దు. తర్వాతి తాప ముగ్గురమే పోయినం. ఒక కాయితం తీస్కపోయినం. ఎన్ని ఎకరాల నారు ముదిరింది, ఏ తారీకు దాటితె నారు పనికిరాదు, ఏ దినం నుంచి ఎన్ని దినాలు ఇడిస్తె నాట్లు ఐతయి, అన్ని రాసినం. సారు చదివి, కుర్సీల నిటారుగ కూసోని, "గిది నేను పైకి పంపుత" అన్నడు. ఆ కాయితాన్నే తన కాయితం జేసుకున్నడు. ఆయనకు గూడ పైన ఇంకొక సారు ఉన్నడు, ఆయన్ను ఒప్పియ్యాలె. మన ముంగట కూసున్నోడు రేపు ఇంకొకని ముంగట నిలవడాలె అనే సంగతి మనం మరిచిపోతం. వాని చేతికి అక్కెరకొచ్చే మాట మనమే ఇచ్చి పంపాలె.

వడ్ల కేంద్రం కాడ సుత గిదే. తేమ ఎక్కువున్నది, తరుగు తీస్త అంటరు. "దొంగలు మీరు" అంటె మన బస్త పక్కకు పోతది. మిషన్ పెట్టుండ్రి, ఎంత వస్తదో ఇద్దరం సూద్దాం, సర్కారు నియమం 17 శాతం గద అను. అప్పుడు కొట్లాట నీకు వానికి గాదు, ఇద్దరు కలిసి మిషన్‌ను సూసుడు.

అంగట్ల కూరగాయలు అమ్మే అవ్వతోని రెండు రూపాయల కోసం గీసి గీసి అడుగుడు మాత్రం నాకు నచ్చదు. దాన్ని నేను బేరం అనను. పొద్దుగాల కోసి, గంప నెత్తిన వెట్టుకొని వచ్చిన మనిషి ఆమె. మా అవ్వ ధర తగ్గియ్యమని అడగకపోతుండె. కొసరు అడుగుతుండె. తూకం అయినంక నాలుగు పచ్చిమిరపకాయలు, ఇంత కొత్తిమీర. అమ్మేటామె ధర నిలవడ్డది, తన చేతులతోని ఇచ్చిన తృప్తి ఆమెకున్నది, మా అవ్వ సంచి నిండింది. ధర కాడ ఆగిపోయిన బేరం ఎన్నోసార్లు కొసరు కాడ తెగుతది బిడ్డా. జీతం కాడ సుత కొసరు ఉంటది, జెప్త ఆగు.

ఒప్పుకున్నంక ఏం జెయ్యాలె అనేది అన్నిటికన్న పెద్ద ముచ్చట, దాన్నే అందరు ఇడిసిపెడతరు. పాతకాలంల పంచాయితికి కూసునే ముందే పెద్దమనుషులు రెండు దిక్కుల నుంచి ధరావతు పెట్టిపిస్తుండె. ఇంత పైకం, లేకుంటె వెండి కడెం, పెద్దల చేతుల పెట్టాలె. రేపు మాట తప్పినోని ధరావతు పోతది. లొల్లి ఇంక మొదలే కాలే, మాట తప్పితె ఏమైతదో మాత్రం ముందే తేలిపాయె.

1956 ఫిబ్రవరి 20 నాడు ఢిల్లీల హైదరాబాద్ హౌజ్‌ల ఆంధ్ర పెద్దలు, తెలంగాణ పెద్దలు కూసున్నరు. అటు దిక్కు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, ఇటు దిక్కు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, ఇంకొందరు. పెద్దమనుషుల ఒప్పందం అన్నరు దానికి. ఇక్కడోళ్లకే ఇచ్చే ముల్కీ నౌకర్లు, తెలంగాణ మిగులు పైసలు, భూముల అమ్మకం, అన్ని రాసుకున్నరు. ముఖ్యమంత్రి ఒక దిక్కోడైతె ఉపముఖ్యమంత్రి ఇంకో దిక్కోడు కావాలె అని సుత రాసుకున్నరు. నవంబర్ ఒకటిన రాష్ట్రం ఏర్పడ్డది, మొదటి మంత్రివర్గంలనే ఉపముఖ్యమంత్రి లేడు. అడిగేటోడు లేడు, తప్పు కట్టిచ్చేటోడు లేడు. కాయితం ఉండె గని ధరావతు లేకుండె. 1969ల పోరగాండ్లు ప్రత్యేక తెలంగాణ కోసం బడులు, కాలేజీలు ఇడిసిపెట్టి సడక్ మీదికి వచ్చిన్రు, మన మెదక్ గల్లీలల్ల సుత ఆ లొల్లి ఇనవడ్డది. అంత చదువుకున్న పెద్దమనుషులు, మా ఊరి కచ్చీరుల నడిసే చిన్న పద్ధతి ఒక్కటి పాటిస్తె ఎంతమంది ప్రాణాలు నిలుస్తుండెనో అని నాకు ఇప్పటికి కడుపుల మండుతది.

అన్ని బేరాలు కుదురుతయని గాదు. మా చిన్నప్పుడు ఊర్ల రాయబారం ఆడితె తెల్లారేదాంక కూసుంటుండె. కృష్ణుడు నిండు సభల సగం రాజ్యం అడిగి, ఆఖరుకు ఐదూర్లకు వచ్చిండు. అంత మంది ముంగట దుర్యోధనుడు దిగలే. చాటుకు అడిగితె దిగుతుండెనా? ఏమో గని, కృష్ణుడు కర్ణున్ని చాటుకే అడిగిండు, రథం మీద కూసోవెట్టుకొని ఒక్కన్నే. నువ్వే పెద్దోనివి, రాజ్యం నీదే అన్నడు. కర్ణుడు సుత కాదన్నడు. ఐతె సూడు, కోపానికి రాలే, ఎందుకు రాలేనో మంచిగ జెప్పిండు, ఈ ముచ్చట మా తమ్ముండ్లకు జెప్పకు అన్నడు. ఇద్దరు ఒకరి మీద ఒకరు మర్యాదతోనే ఇడిపోయిన్రు. కాదన్నోని మనసు గూడ ఇరగలే, అది సుత చిన్న సంగతి గాదు.

ఇగ నీ సంగతి జెప్త బిడ్డా.

పదిమంది కూసునే మీటింగుల జీతం ఎత్తకు. సారును వేరుగ అరగంట అడుగు. ఎందుకో ముందే జెప్పు, ఆయన గూడ తయారై వస్తడు. పోయే ముందు ఇంకో కంపినిల నీ పనికి ఎంత ఇస్తున్నరో అరుసుకో. మా నాయిన ఒక్క జోడి ఎడ్లను సూసి బేరానికి కూసున్న దినం లేదు, రెండో జోడిని సూసి పెట్టుకున్నంకనే తువ్వాల కింద చెయ్యి పెడుతుండె. ఆ ముచ్చట సారుకు బెదిరించినట్టు జెప్పకు, నీ మనసుల ఉంటె చాలు, నీ గొంతుకు అదే ధైర్యమిస్తది.

ఇంట్ల కిరాయి పెరిగింది, తమ్ముని ఫీజు కట్టాలె అని జెప్పకు. అవన్ని నిజమే, అయినా ఆయన పైకి పంపే కాయితంల అవి రాయలేడు. ఈ యాడాది నువ్వు ఎత్తుకున్న పని, దానితోని కంపినికి మిగిలింది, అవి రాసి తీస్కపో. ఆయన ఆ కాయితాన్నే తన పైసారు ముంగట పెట్టుకుంటడు. ఎంత కావాలెనో అంకె జెప్పు, ఎందుకంతో జెప్పు, జెప్పినంక ఊకో. ఆ ఊకునేటప్పుడు నీకు ఆగమాగమైతది, ఏదో ఒకటి అని నింపాలనిపిస్తది, నువ్వే తగ్గిచ్చుకుంటవ్. మాట్లాడకు. ఆయన ఆలోచన జేస్తుండు, జెయ్యని.

కాదన్నడనుకో. మొకం మాడ్సుకొని లేవకు. "ఏం జేస్తె ఐతది సార్, ఏ నెలల మల్ల మాట్లాడుదాం?" అని అడుగు. పైసలు కాకపోతె కొసరు అడుగు: వారంల రెండు దినాలు ఇంటి నుంచి పని, లేకుంటె కొత్త పని నేర్చుకునే ట్రైనింగు. అవునన్నడనుకో, అప్పుడు మా నాయిన మాట యాదికి దెచ్చుకో, హాలీనా కల్దారా? యాడాదికి ఇంత అంటె అది కాయితం మీదిదా, చేతికొచ్చేదా? పీఎఫ్ అండ్లనేనా, వేరా? ఏ నెల నుంచి? అన్ని అక్కడ్నే అడుగు, సిగ్గు పడకు.

రాత్రి ఫోన్ల మెసేజి పెట్టి మాత్రం ఈ ముచ్చట మొదలువెట్టకు. మొకం సూస్త మాట్లాడితె నీ మాట ఎక్కడ తాకుతున్నదో తెలుస్తది. మాట్లాడినంక మాత్రం రాయి. అదే దినం మాపటికి, సార్, ఇయ్యాల మనం ఇది అనుకున్నం, ఈ నెల నుంచి అన్నరు, మీకు ధన్యవాదాలు అని నాలుగు లైన్ల మెయిల్ పంపు. అండ్ల ఆయన పేరు మంచిగ రాయి, ఆయన ఇచ్చిండని రాయి. నువ్వు గట్టిగ అడిగితె ఇచ్చిండని రాయకు.